దశబంధము: పిత్రార్జిత భూమికి పూర్వుల కట్టడి

చిత్తూరు సీమలోని స్వర్ణముఖి, అరణియారు మొదలగు నదులు వానకాలమున పారి, వేసవిలో ఇసుక మేటలై యుండును. కావున మన పూర్వులకు చెరువే జీవనాధారము. విజయనగర ప్రభువుల కాలపు శాసనములలో దశవంధమను నొక యేర్పాటు కానవచ్చుచున్నది. చెరువు త్రవ్వించి కాపాడువానికి దాని క్రింది భూమిలో కొంత మాన్యముగ నిచ్చెడివారు. పదియవ పాలు గనుక ఆ పేరు వచ్చినది. పిమ్మట పాలు ఊరూర భేదించినను పేరు మాత్రము నిలిచెను.

ఇందలి విశేషమేమనగా, భూమి తండ్రి నుండి కొడుకునకు, మనుమనికి సంక్రమించును; తెగిన కట్ట పూడ్చుట, తూము బాగుచేయుట యను బాధ్యతయు భూమిని వెన్నంటియే నడచును. బాధ్యత మానిన మాన్యమును సర్కారువారు మరల తీసికొనవచ్చును. 1858లో ఏర్పడిన ఇనాము కమీషనువారు వీనిని విచారించి రిజిష్టరుల కెక్కించిరి. 1956 నాటి చట్టము ఇనాములను రద్దుచేసి రైతువారీ పట్టాలుగ మార్చెను. రైతునకు హక్కు స్థిరపడుట మేలే. కాని పొలమునకు చెరువునకు గల ముడి సడలెనని మా యభిప్రాయము.

నేడు తిరుపతి చుట్టుపట్ల పొలములు ఇండ్లస్థలము లగుచున్నవి. అట్టియెడ భూమిని నిలుపు కట్టడి యేది మిగిలినది? బిడ్డలకిచ్చు దానపత్రములో “ఎన్నడును అమ్మరాదు” అని వ్రాసిన చాలునని కొందరు పెద్దలు తలచుచున్నారు. అది చాలదు. అమ్మకమును బొత్తిగ నిషేధించు షరతు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము 10వ సెక్షను ననుసరించి చెల్లదు. అమెరికాలో రైతు తన పొలమున ఇండ్లు లేవరాదను హక్కును ఒక ధర్మసంస్థకు వ్రాసియిచ్చును. తరువాత కొన్నవాడును దానికి లోబడవలయును. మన ఈజుమెంటు చట్టము, అదియు 1882 నాటిదే, అట్టి హక్కును సంఘమునకీయదు; ఒక పొలము మేలుకొరకు వేరొక పొలముపైననే యిచ్చును. కావున అన్నదమ్ములు పంచుకొనునపుడే కాలువ, బాట హక్కులను పత్రమున వ్రాసి రిజిష్టరు చేయించిన, రేపు కొన్నవాడు వానిని మూయజాలడు.

ఇంకొక యాధారము 1956 నాటి హిందూ వారసత్వ చట్టము 22వ సెక్షను. వీలునామా లేక మరణించినవాని యాస్తి మొదటి తరగతి వారసులకు ఉమ్మడిగ సంక్రమించినపుడు, ఒకరు తన పాలు అమ్మదలచిన కొనుటకు తక్కినవారికి ముందు హక్కు కలదు. ఇది సాగుభూమికిని వర్తించునని 2019లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఆడబిడ్డలును ఈ వారసులలోనివారే. మన యిండ్లలో ఈ మాట దాచిపెట్టుట వాడుకయైనది. వెల కుదరనియెడ న్యాయస్థానమే దానిని నిర్ణయించును.