ఆకలి తీర్చడానికి మనం చేయగలిగినవి

అన్నదానం చేయాలంటే బాగా డబ్బుండాలని అనుకుంటాం. అదేం అక్కర్లేదు. గోదావరి లంకల్లో డొక్కా సీతమ్మగారు (1841–1909) తన ఇంటి వంటతోనే దారిన పోయేవాళ్ల కడుపు నింపారు. 1920లో మద్రాసు థౌజండ్ లైట్స్ కార్పొరేషన్ బడిలో మధ్యాహ్న భోజనం మొదలవడం వెనుక ఉన్నది మన తెలుగువారే, పిట్టి త్యాగరాయ చెట్టిగారు.

మీరేం చేయవచ్చు?

పిడికెడు బియ్యం: రోజూ ఎసట్లో పోసే ముందు ఒక పిడికెడు వేరే డబ్బాలో వేయండి. రోజుకు 50 గ్రాములైనా నెలకు కిలోన్నర అవుతుంది.

తిథి భోజనం: పుట్టినరోజుకో, పెద్దల తిథికో బడి పిల్లలందరికీ భోజనమో, అరటిపండో పెట్టవచ్చు. ముందుగా హెడ్మాస్టరుగారికి చెప్పండి.

పెళ్లిలో మిగిలిన వంట: విస్తళ్లలోది కాదు, గిన్నెల్లోది, వేడిగా ఉండగానే పంపండి. మనం తినలేనిది ఇంకొకరికి పెట్టొద్దు.

రేషన్ కార్డు: కార్డు లేనివాళ్లకు దరఖాస్తు రాసిపెట్టండి. వేరే రాష్ట్రం నుంచి పనికి వచ్చినవాళ్లు తమ ఊరి కార్డుతో ఇక్కడ కూడా బియ్యం తీసుకోవచ్చు. ఈ సంగతి చాలామందికి తెలీదు, చెప్పండి.

పిల్లలూ, పక్కనున్న స్నేహితుడు క్యారియరు తేకపోతే నలుగురిలో "ఎందుకు తేలేదు?" అని అడగొద్దు. "రారా, కలిసి తిందాం" అనండి. రోజూ అలాగే జరుగుతుంటే టీచరుగారికి విడిగా చెప్పండి. ఆకలి ఒక పూట బాధ. నలుగురిలో సిగ్గుపడటం చాన్నాళ్లు గుర్తుంటుంది.