సైనికుల జ్ఞాపకశక్తి పరీక్షల్లో ఎఫర్ట్ టెస్టులు

తలకు దెబ్బ తగిలిన సైనికుడు పరీక్షలో శక్తికొద్దీ జవాబిస్తున్నాడా లేదా అని విడిగా తేల్చేవి ఎఫర్ట్ టెస్టులు. లేని బాధ చెప్పడం, ఉన్నదాన్ని పెంచి చెప్పడం, మనసు పెట్టకపోవడం వేర్వేరు సంగతులు. సైన్యంలో ఈ తేడాకు విలువెక్కువ. డ్యూటీ, డిజెబిలిటీ పెన్షన్, ఒక్కోసారి శిక్ష కూడా దీని మీదే ఆధారపడతాయి. మన సైనిక చట్టం (1950) 46వ సెక్షన్ కింద జబ్బు నటించడం నేరం, ఏడేళ్ల దాకా జైలు పడవచ్చు. ఇరాక్, అఫ్గానిస్తాన్ యుద్ధాల నుంచి తిరిగొచ్చిన అమెరికా సైనికులకు ఈ టెస్టులు విరివిగా పెట్టారు.

వీటిలో బాగా తెలిసినది కెనడా మనస్తత్వవేత్త టామ్ టాంబా 1996లో తెచ్చిన టీఓఎంఎం. 50 బొమ్మలు ఒక్కొక్కటే చూపిస్తారు. తర్వాత రెండేసి బొమ్మలు ముందు పెట్టి, ఇందాక చూసింది ఏదని అడుగుతారు. ఇలా రెండు విడతలు. కష్టంగా కనిపిస్తుంది గాని తేలిక. మెదడు దెబ్బతిన్నవాళ్లలో కూడా చాలామంది రెండో విడతలో 45 దాటుతారు. కళ్లు మూసుకుని వేలు పెట్టినా 25 దగ్గర ఒప్పవుతాయి. 18 గాని, అంతకంటే తక్కువ గాని వచ్చే అవకాశం నూటికి సుమారు మూడే. అలా వస్తే ఒప్పు తెలిసే తప్పు చెప్పాడేమో అనుకోవాలి. 18కి, 45కి నడుమ పడ్డవాణ్ని మాత్రం అబద్ధాలకోరు అనేయడం అన్యాయం. ముదిరిన మతిమరుపు జబ్బులో నిజాయితీగానే మార్కులు పడిపోతాయి. మనస్తత్వవేత్తలు స్లిక్, షెర్మన్, ఐవర్సన్ 1999లో పెట్టిన కొలమానం ప్రకారం నటన అని తేల్చాలంటే లాభాపేక్ష, పరీక్షల సాక్ష్యం రెండూ ఉండాలి, జబ్బుతో గాని మరో కారణంతో గాని ఆ ఫలితం వివరించలేనిదై ఉండాలి.

మనవాళ్లకు అసలు చిక్కు అంకెల పరీక్షలో ఉంది. విన్న అంకెలను వరుసగా, తర్వాత వెనక నుంచి అప్పజెప్పాలి. తప్పు లేకుండా చెప్పగలిగిన పొడవులు కలిపి 7 గాని, అంతకంటే తక్కువ గాని వస్తే అనుమానించాలన్నది 1994 నాటి ఇంగ్లీషు లెక్క. గుంటూరు–తెనాలి దారిలోని వడ్లమూడి నుంచి వెళ్లిన జవానును తలుచుకోండి. హిందీలో ఏక్, దో, తీన్ ఒక్కొక్క పలుకు. తెలుగులో ఒకటి, నాలుగు, తొమ్మిది మూడేసి. ఎనిమిది ఏకంగా నాలుగు. పలకడానికి ఎక్కువసేపు పట్టే అంకెలు మనసులో తక్కువ నిలుస్తాయని 1980లో వెల్ష్ భాషవాళ్ల మీద చేసిన పరిశీలనలో తేలింది. చదువు తక్కువైనా ఈ మార్కు తగ్గుతుంది. అందుకే టెస్టు పెట్టేవారు ముందు అడగవలసింది ఒకటుంది: “డబ్బు లెక్కపెట్టేటప్పుడు మనసులో ఏ భాషలో లెక్కపెట్టుకుంటారు?”