నల్లమట్టి ఎవరి చేతి పని?

బ్రెజిల్‌లో అమెజాన్ నది పొడవునా అక్కడక్కడా నల్లమట్టి మెరకలున్నాయి. పోర్చుగీసులో వాటిని టెర్రా ప్రెటా అంటారు. నల్లనేల అని అర్థం. చుట్టూ ఉన్నదంతా పసుపు నేల, ఎర్ర నేల. వానలకు సారం కొట్టుకుపోయిన ఆమ్ల నేల. అడవి కొట్టి నాలుగు పంటలు తీసేసరికి చతికిలబడుతుంది. నల్లమట్టి అట్లా కాదు, వందల ఏళ్ల తర్వాత కూడా పండుతోంది. తవ్వితే బొగ్గు, బూడిద, చేప ఎముకలు, కుండ పెంకులు బయటపడతాయి. పక్క నేలకంటే ఇందులో బొగ్గు 70 రెట్ల దాకా ఎక్కువని పరిశోధకులు లెక్కగట్టారు. ఇవాళ బయోచార్ పేరుతో సంచుల్లో అమ్ముతున్న బొగ్గుకు దారి చూపింది ఈ మట్టే.

అయితే దీన్ని మనుషులే చేశారని ఒప్పుకోవడానికి చదువుకున్న లోకానికి చాలా కాలం పట్టింది.

1542లో ఒరెల్లానా దండు అమెజాన్ మీదుగా వెళ్లింది. దండు వెంట ఉన్న పాద్రీ కార్వహాల్, ఒడ్డున కిక్కిరిసిన ఊళ్లు చూశామని రాశాడు. తర్వాత వచ్చినవాళ్లకు ఆ ఊళ్లు కనపడలేదు. యూరప్ నుంచి వచ్చిన మశూచి వంటి రోగాలూ, బానిసల వేటా వాటిని తుడిచిపెట్టాయి. దాంతో పాద్రీ రాసిందే అబద్ధమన్నారు. మనుషులు పోయారు, వాళ్లు చేసిన మట్టి మిగిలింది.

ఆ మట్టి ఎవరి చేతికి పోయిందో చూడండి. అమెరికా అంతర్యుద్ధంలో బానిసత్వం కోసం పోరాడి ఓడిన దక్షిణాది రాష్ట్రాల నుంచి కొన్ని తెల్ల కుటుంబాలు 1867లో సాంతరెం పట్నం దగ్గర దిగాయి. బ్రెజిల్‌లో అప్పటికింకా బానిసత్వం ఉంది, 1888 దాకా పోలేదు. వీళ్లు ఏరుకున్నది నల్లనేలనే. అందులో చెరకు, పొగాకు వేశారు. ఆ పొలాలు చూసిన హెర్బర్ట్ స్మిత్ 1879లో, ఇది పాత ఇండియన్ ఊళ్ల వంటింటి చెత్తతో తయారైన మట్టి అని సూటిగానే రాశాడు. ఇరవయ్యో శతాబ్దంలో మాత్రం కొందరు శాస్త్రవేత్తలు ఆండీస్ అగ్నిపర్వతాల బూడిద అన్నారు, ఎండిన చెరువుల ఒండ్రు అన్నారు. కుండ పెంకులు కళ్లెదుటే ఉన్నాయి. అగ్నిపర్వతం వంట కూడా చేసుకునేదేమో!

1966లో విమ్ సోంబ్రోక్ అమెజాన్ నేలల మీద పుస్తకం తెచ్చి, ఇది మనుషుల పనేనని మళ్లీ నిలబెట్టాడు. అప్పుడింకో మాట మొదలైంది: చేస్తే చేశారుగానీ తెలిసి చేయలేదు, చెత్త పారేస్తే దానంతటదే అయింది అని. షింగూ నది ఎగువన ఉండే కుయికురో జనం ఈ మట్టిని 'ఈగేపె' అంటారు. బూడిద, బొగ్గు, కర్రపెండలం చెత్త, చేప వ్యర్థాలు కుప్పలేసి, ఏళ్లపాటు మాగాక అక్కడ పంట పెడతారు. కావాలనే చేస్తారని 2023లో అచ్చయిన పరిశోధన తేల్చింది. వాళ్లని అడిగితే ఎప్పుడో చెప్పేవాళ్లు.

మా అమ్మ ఇరవై ఏళ్లు ఆసామి చేనుకు గంపలతో పెంట మోసింది. మట్టి గురించి ఆమెనెవరూ అడగలేదు. నేను కూడా పిహెచ్‌డీలో చేరాకే అడిగాను. "ఉత్త బూడిద చల్లితే మొలక మాడుతది బిడ్డా, పెంటకుప్పల కలిపి మాగనియ్యాలె" అన్నది. బయోచార్ పాఠాల్లో ఉన్నదీ ఇంచుమించు ఇదే. పచ్చి బొగ్గు ముందుగా నేలలోని నత్రజనిని తనే పట్టుకుంటుంది, కాబట్టి ఎరువుతో కలిపి మాగబెట్టాలంటారు.

ఇప్పుడీ బొగ్గును విషం కలిసిన నేలలకు కూడా మందుగా చెబుతున్నారు. అందులో నిజం ఉంది. గాలి సరిగా ఆడకుండా కాల్చిన బొగ్గు నిండా సన్నటి రంధ్రాలుంటాయి. అది నేల ఆమ్లాన్ని తగ్గిస్తుంది. సీసం, కాడ్మియం వంటి లోహాలను పట్టి ఉంచుతుంది. పంటలోకి ఎక్కేది తగ్గుతుంది, మొక్క తేరుకుంటుంది. అమ్మకు చెప్తే "మరి ఆ విషం యాడికి పోతది?" అన్నది. ఎక్కడికీ పోదు, ఆ నేలలోనే ఉంటుంది.

ఆర్సెనిక్ సంగతి ఇంకా చిక్కు. బొగ్గు వేసి ఆమ్లం తగ్గితే, బొగ్గులోని భాస్వరం తోడైతే, నేలను పట్టుకుని ఉన్న ఆర్సెనిక్ కొన్నిసార్లు విడిపడి నీళ్లలోకి దిగుతుంది. మన దగ్గరే చూడండి. పటాన్‌చెరు చుట్టూ 1970ల నుంచి ఫ్యాక్టరీలు లేచాయి. వాటి మురుగు నక్కవాగులో పడింది, నక్కవాగు మంజీరలో కలుస్తుంది. 1990లో ఆ తగాదా సుప్రీంకోర్టుకెక్కింది. జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు అక్కడి మట్టిని పరీక్షిస్తే సీసం, క్రోమియంతోపాటు ఆర్సెనిక్ కూడా మామూలుకంటే ఎక్కువగా తేలింది. అట్లాంటి చేలల్లో ఎవరైనా బొగ్గు సంచులతో దిగేముందు, ఏ చేనులో ఏముందో పరీక్ష చేయించి, ఆ కాగితం తెలుగులో రాసి సాగు చేసేవాళ్ల చేతికియ్యాలి.