చదరంగపు గళ్ళ లెక్క

చదరంగమును కల్పించిన పండితుడు రాజును కోరిన బహుమానపు కథ మన యిండ్లలో పిల్లలకును తెలిసినదే. మొదటి గడికి ఒక గింజ, రెండవ గడికి రెండు, మూడవ గడికి నాలుగు. ఇట్లు అరువది నాలుగు గళ్ళకును రెట్టింపు చేయుచు పోవలెను. రాజు నవ్వి సరేయనెను, గాదెలు చాలవయ్యెను. కథ అంతటితో ముగియును. మేము ముచ్చటింపగోరునది ఆ గింజల మొత్తమును గూర్చి: 1,84,46,74,40,73,70,95,51,615.

ఈ సంఖ్య తెలుగున పద్యమైనది. 11వ శతాబ్దివాడని పలువురు తలచు పావులూరి మల్లన, మహావీరాచార్యుని సంస్కృత గణితగ్రంథమును తెనిగించుచు, ఈ ఇరువది అంకెలను ఒక పద్యమున ఇమిడ్చినాడు. అందు అంకెలకు మారు పదములు గలవు: శరములన్న 5, చంద్రుడన్న 1, వేదములన్న 4, గగనమన్న సున్న. ఒకట్ల స్థానమున మొదలిడి ఎడమకు వ్రాసికొని పోవలెను. కవిత్వముగా ఆ పద్యము మాకంత రుచింపదు. కాని తాటాకుపై అంకె మారినచో పసికట్టుట కష్టము. పద్యమున పదము జారినచో గణము తప్పి చెవికే తెలియును. మేము సరిచూచుకొంటిమి, ఇరువదియు సరియే.

అరువది నాలుగు మార్లు రెట్టించి కూడనక్కరలేదు, వర్గించుచు పోయిన చాలునని సుమారు 1000వ సంవత్సరమున అల్‌బిరూనీ చూపినాడు. 2 వర్గము 4, దాని వర్గము 16, పిదప 256, 65,536, 4,29,49,67,296. దీనిని మరల వర్గించినచో అరువదియైదవ గడి, అనగా పలకపై లేని గడి, గింజలు వచ్చును. అందొకటి తగ్గింపగా మన మొత్తము.

ఆ ఒకటి తగ్గించుటలోనే విశేషమున్నది. వర్గమునుండి ఒకటి తీసివేసినచో మిగిలినది రెండుగా విడివడును: 16లో 1 పోగా 15, అది 3, 5ల లబ్ధము. ఇట్లే మెట్టుమెట్టుగా విడదీయగా ఆ గింజల రాశి 3, 5, 17, 257, 65,537, 4,29,49,67,297 అను ఆరింటి లబ్ధమని తేలును.

చదరంగపు ఊసు లేకయే ఈ ఆరింటిని ఫ్రాన్సు దేశమున ఫెర్మా అను న్యాయవేత్త పట్టుకొనినాడు. ఈ వరుసలోనివన్నియు ఒకటికిని తమకును తప్ప మరి దేనికిని లొంగని ప్రధాన సంఖ్యలేయని 1640లో ఆయన నమ్మెను. నిరూపణ లేదని తానే ఒప్పుకొనెను. మొదటి యైదును నిజముగా అట్టివే. ఆరవది కాదు. 1732లో ఆయిలరు దానిని 641, 67,00,417ల లబ్ధముగా విడదీసినాడు.

ఆ ఆరవదానిని భాగించు ప్రధాన సంఖ్య ఏదైనను 64చే భాగింపగా ఒకటి మిగులవలెను. అట్టివి వరుసగా 193, 257, 449, 577, 641. ఐదవ ప్రయత్నమునకే గుట్టు బయటపడును. ఈ నియమమునకు మూలమైన సిద్ధాంతము ఆ 1640లోనే ఫెర్మా స్వయముగా ఉత్తరమున వ్రాసినది! అంతటివాడు ఐదు భాగహారములు చేయకపోవుట మాకు నేటికిని వింతగానే యున్నది.

శ్రోతలు పలక తీసికొని మల్లన సంఖ్యను 641చే భాగించి చూడవచ్చును. శేషము మిగులదు.