గిలకలదిండి

మచిలీపట్నానికి సముద్రం వైపున్న శివారు, మత్స్యకారుల ఊరు. నూజివీడు మామిడి తోటలవారికి సముద్రమంటే బందరే, అంటే మచిలీపట్నమే. 2022 ఏప్రిల్‌లో నూజివీడు ఏలూరు జిల్లాలోకి వెళ్లినా హనుమాన్ జంక్షన్, గుడివాడ మీదుగా బందరు వెళ్లే దారి మారలేదు. వచ్చినవాళ్లలో ఎక్కువమంది మంగినపూడి బీచిలో మునిగి వెనక్కి వెళ్లిపోతారు. సముద్రాన్ని నమ్ముకుని బతికేవాళ్లను చూడాలంటే మాత్రం గిలకలదిండి రావాలి.

ఇక్కడి ఫిషింగ్ హార్బరు నేరుగా సముద్రం ఒడ్డున లేదు. లోపలికి చొచ్చుకొచ్చిన ఉప్పుటేటి పాయ మీద ఉంది. పాయ సముద్రంలో కలిసే మొగ ఇసుకతో పూడిపోతుంటుంది. అందుకే పెద్ద బోట్లు పోటు చూసుకుని బయల్దేరాలి, పోటు మీదే తిరిగి రావాలి. పాటు సమయానికి వస్తే వేటలో పడిన రొయ్యలు, చందువలు, వంజరాలు బోటులో ఉండగానే మొగ బయట ఆగిపోవాల్సిందే. ఐసు కరుగుతుంటుంది, ధర దిగుతుంటుంది.

ఈ చిక్కు కొత్తది కాదు. ఇంగ్లీషువాళ్లు 1611లో బందరులో వర్తకశాల పెట్టిన నాటి నుంచీ పెద్ద ఓడలు దూరాన లంగరు వేస్తే సరుకు పడవల మీద ఒడ్డుకు చేరేది. గిలకలదిండికి దారిలోనే ఉన్న బందరుకోటను 1759లో ఇంగ్లీషువాళ్లు ఫ్రెంచివారి నుంచి గెలుచుకున్నారు. ఆ కోట కన్నా జనానికి ఎక్కువగా గుర్తున్నది 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన. సుమారు 30 వేలమంది పోయారని అంచనా.

కృష్ణా తీరపు మత్స్యకారుల్లో అగ్నికులక్షత్రియులది పెద్ద సంఖ్య. వేటకు వెళ్లేది మగవాళ్లయినా, చేపలు ఎండబెట్టడం, గంప నెత్తిన పెట్టుకుని అమ్మడం ఆడవాళ్ల పని. ఇల్లు గడవడంలో వీళ్ల వాటాను లెక్కల్లో తక్కువగానే రాస్తారు.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మర బోట్లకు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమది. నూజివీడులో చిన్నరసాలు, బంగినపల్లి కోతకొచ్చి కూలీలకు తీరిక దొరకనిదీ ఆ రోజుల్లోనే. ఇక్కడ బోట్లు ఒడ్డెక్కుతాయి, వలలు బాగుచేసుకుంటారు. ఈ కాలానికి ప్రభుత్వమిచ్చే భృతిని 2025లో 10 వేల రూపాయల నుంచి 20 వేలకు పెంచారు.

బందరు ఓడరేవుకు 2008లో ఒకసారి, 2019లో మరోసారి, 2023లో తపసిపూడి దగ్గర ఇంకోసారి శంకుస్థాపన జరిగింది. ఇన్ని శంకుస్థాపనలు చూసిన రేవు అరుదు. గిలకలదిండి హార్బరు విస్తరణ ఆ ఓడరేవు నుంచి వేరు. అందులో ముఖ్యమైన పని మొగ దగ్గర రాతికట్టలు వేయడం, పూడిక తీయడం.