కెటిల్‌బెల్

పైన పిడి ఉన్న ఇనుప గుండు, వ్యాయామ సాధనం. రష్యాలో ధాన్యం తూచే రాయిగా మొదలై బలప్రదర్శనలకు చేరింది. అక్కడి పాత కొలత పూడ్ సుమారు 16.38 కిలోలు, నేటి 16, 24, 32 కిలోల వరుస దాన్నుంచి వచ్చిందే.

కొత్తగా మొదలుపెట్టే ఆరోగ్యవంతులకు సాధారణంగా పురుషులైతే 12-16, స్త్రీలైతే 8-12 కిలోలు సరిపోతాయి. మరీ తేలికైనది కొంటే, గుండును కాళ్ల మధ్య నుంచి ముందుకు ఊపే స్వింగ్‌లో చేతులతో లాగే అలవాటు పడుతుంది. తలపైకెత్తే ప్రెస్‌కు మాత్రం తేలికైనదే మేలు.

ముందు డెడ్‌లిఫ్ట్ నేర్వాలి: గుండును పాదాల మధ్య ఉంచి, తుంటిని వెనక్కి నెట్టి, వెన్ను వంగకుండా పిడి పట్టుకుని, మడమలు నేలకు ఆనించి లేవాలి. స్వింగ్‌లోనూ గుండు ఛాతీ ఎత్తుకు లేచేది తుంటి విసురుతోనే, భుజబలంతో కాదు. వెన్ను గుండ్రంగా వంగుతోందంటే అక్కడితో ఆపేయాలి. నడుంనొప్పి, గుండెజబ్బు, అధిక రక్తపోటు ఉన్నవారు వైద్యుణ్ణి అడిగాకే మొదలుపెట్టాలి.