లోకానికొక గాదె

పంట చాలని ఏట రైతు చితికిపోవడంలో వింత లేదు. పంట విరగపండిన ఏట కూడ అతడే చితికిపోతున్నాడే, ఆ వింతకు కారణమేమి? మిరపకో, ఉల్లికో, పొగాకుకో ధర పడిపోయినప్పుడల్లా మన జిల్లాలలో వినవచ్చే ఈ ప్రశ్నను పట్టుకొని, ప్రపంచమంతా తిరిగి, రాజుల తలుపులు తట్టినవాడు ఒకడున్నాడు. ఆయన మంత్రి కాడు, పండితుడూ కాడు. దుకాణదారు. పేరు డేవిడ్ లూబిన్.

లూబిన్ 1849లో పోలండు దేశంలో ఒక పేద యూదు కుటుంబంలో పుట్టినాడు. పసితనంలోనే తలిదండ్రులతో అమెరికా చేరినాడు. 1874లో కాలిఫోర్నియా రాష్ట్రంలోని శాక్రమెంటోలో చిన్న అంగడి తెరచి, ఒకే ధర, బేరం లేదు అని బోర్డు కట్టినాడు. బేరమే వ్యాపారమని నమ్మిన ఆ ఊళ్లో ఇది వెర్రిగా కనిపించినదట. అయినా ఆ అంగడి కొద్ది సంవత్సరాలలో పసిఫిక్ తీరంలోని పెద్ద వర్తకశాలలలో ఒకటైనది. చేతిలో డబ్బు ఆడిన తరువాత ఆయన పండ్లతోటలు, గోధుమ భూములు కొన్నాడు. సరకుకు తన ధర తానే కట్టగలిగిన వర్తకుడు, పొలంలో అడుగుపెట్టగానే తన పంటకు తాను ధర కట్టలేని రైతైనాడు. ఈ తేడా ఆయనను జీవితాంతం వదలలేదు.

కాలిఫోర్నియా గోధుమకు ధర ఎక్కడ తెగుతున్నది? అట్లాంటిక్ సముద్రానికి ఆవల, ఇంగ్లండులోని లివర్‌పూల్ బజారులో. ఆ ధరలో ఓడకేవు, రైలుకేవు తీసివేయగా మిగిలినదే రైతు చేతికి వచ్చేది. రష్యాలో పంట ఎట్లున్నది, అర్జెంటీనాలో వానలు పడినవా లేదా అన్న వార్త పెద్ద వర్తకులకు తంతి ద్వారా ముందుగా తెలిసేది. రైతుకు ధర పడిన తరువాత తెలిసేది. కాబట్టి లోకంలోని పంటలన్నిటి లెక్క ఒకచోట చేర్చి, అందరికీ ఒకేసారి చాటించే సంస్థ ఒకటి కావలెనని లూబిన్ నిశ్చయించినాడు. నేడు రేడియోలో బజారు ధరలు చదివేవేళ ఇంట్లో మనం మాటలాపి వింటాము గాని, ఆ నాలుగు అంకెల కోసం ఒక మనిషి ఎంత తిరిగినాడో ఎవరికీ తట్టదు.

పెద్ద దేశాల ప్రభుత్వ కార్యాలయాలలో ఆయన మాట ఎవరూ చెవినబెట్టలేదు. చివరకు 1904 అక్టోబరులో ఇటలీ రాజు మూడవ విక్టర్ ఇమాన్యుయేలు దర్శనం దొరికినది. రాజు విన్నాడు, నమ్మినాడు. 1905 జనవరిలో తన ప్రధానమంత్రి జియొలిత్తికి స్వయంగా లేఖ వ్రాసి దేశదేశాల ప్రతినిధులను పిలిపించినాడు. ఆ సంవత్సరం జూన్ 7వ తేదీన నలభై రాజ్యాలు రోములో ఒడంబడిక వ్రాసుకొన్నవి. రాజు సంస్థకొక భవనం కట్టించి, ఏటా మూడు లక్షల లీరాల రాబడి వ్రాసియిచ్చినాడు. 1908లో అంతర్జాతీయ వ్యవసాయ సంస్థ అక్కడ తెరవబడినది. రోములో ఆ భవనం నేటికీ లూబిన్ పేరుతోనే ఉన్నది.

అయితే లూబిన్ కోరినది రైతుల గొంతు వినిపించే సభ. ఒడంబడికలో మిగిలినది ప్రభుత్వాల లెక్కల కచేరీ. సమాచారం సేకరించవచ్చును, ప్రకటించవచ్చును, సలహా చెప్పవచ్చును. అంతకు మించి ఏ రాజ్యపు వ్యాపారంలోను వేలు పెట్టరాదు. ఈ హద్దును మనం గుర్తుంచుకోవలె, ఎందుకనగా తరువాతి నూరు సంవత్సరాల కథ అంతా ఈ హద్దు దగ్గరనే తిరుగుతున్నది. లూబిన్ అమెరికా ప్రతినిధిగా రోములోనే కాలం గడిపి, 1919 జనవరి 1వ తేదీన, ఆనాడు లోకాన్ని ఊపిన విషజ్వరానికి బలియైనాడు. ఆయన సంస్థ 1930లో మొదటిసారిగా ప్రపంచ వ్యవసాయ గణన జరిపించినది.

అంకెలు సిద్ధమైనవి. ఆనాటి ఆర్థికమాంద్యంలో ఆ అంకెలు ఎవరి కడుపూ నింపలేదు. బ్రెజిలు దేశంలో కాఫీగింజలను రాసులుపోసి కాల్చినారు. 1933లో అమెరికా ప్రభుత్వం ధర నిలబెట్టడానికై అరవై లక్షల పందులను కొని చంపించినది. అదే దశాబ్దంలో జాన్ బాయ్డ్ ఆర్ అనే స్కాట్లండు వైద్యశాస్త్రజ్ఞుడు, బ్రిటను వంటి సంపన్న దేశంలోనే జనాభాలో పెద్దభాగానికి ఆరోగ్యానికి చాలినంత తిండి లేదని 1936లో లెక్కలతో నిరూపించినాడు. ఒకచోట మిగులు, ఒకచోట కొరత. కొరతగలవానికి కొనే శక్తి లేదు. అంతే వ్యాధి.

రెండవ ప్రపంచయుద్ధం మధ్యలో, 1943 మే, జూన్ మాసాలలో, రూజ్వెల్టు అధ్యక్షుని ఆహ్వానంపై 44 రాజ్యాల ప్రతినిధులు అమెరికాలోని హాట్ స్ప్రింగ్స్ అనే ఊళ్లో సమావేశమై, అన్నవస్త్రాల లేమి లేని లోకాన్ని గూర్చి చర్చించినారు. ఆ నెలలలోనే బెంగాలు పల్లెలలో బియ్యం ధర కూలివాని చేతికందని ఎత్తుకు పోయినది. వేసవి దాటేసరికి కలకత్తా వీధులలో గంజినీళ్లకై అల్లాడే కంకాళాలు కనిపించినవి. విచారణసంఘం మృతుల సంఖ్య పదిహేను లక్షలన్నది. తరువాతి పరిశోధకులు ముప్పై లక్షల వరకు చెప్పినారు. ఆ హాట్ స్ప్రింగ్స్ సభకు వెళ్లినవారిలో కూనూరు పోషకాహార పరిశోధనశాల అధిపతి ఎయిక్రాయిడ్ ఒకరు. తరువాత బెంగాలు కరవు విచారణసంఘంలో సభ్యుడైనదీ ఆయనే. ఆ కూనూరు పరిశోధనశాలయే 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, నేడు జాతీయ పోషకాహార సంస్థ అనే పేర తార్నాకలో ఉన్నది.

హాట్ స్ప్రింగ్స్‌లో నాటిన విత్తు 1945 అక్టోబరు 16వ తేదీన కెనడాలోని క్విబెక్ నగరంలో మొలకెత్తినది. ఐక్యరాజ్యసమితికి చెందిన ఆహార వ్యవసాయ సంస్థ వెలసినది. లూబిన్ సంస్థ పని, దాని గ్రంథాలయం చివరకు దీనికే సంక్రమించినవి. మొదటి అధిపతిగా బాయ్డ్ ఆర్‌ను ఎన్నుకొన్నారు. అన్నం అడిగినవానికి లెక్కలపుస్తకం ఇచ్చే సంస్థగా ఇది మిగిలిపోరాదని ఆయన పట్టుదల.

1946 సెప్టెంబరులో కోపెన్‌హేగన్ నగరంలో ఆయన తన ప్రణాళికను సభ ముందు పెట్టినాడు. పేరు ప్రపంచ ఆహార మండలి. మన పల్లె భాషలో చెప్పవలెనంటే లోకానికంతకూ ఒక గాదె. ధాన్యపు ధర ఒక హద్దుకు దిగువగా పడినప్పుడు మండలి కొని నిలవచేయవలె. హద్దు మీరి పెరిగినప్పుడు ఆ నిలవను విడుదల చేయవలె. ఎక్కడ పంట పోయినా అక్కడికి పంపడానికి వేరుగా కొంత రాశి ఉంచవలె. మిగులు ధాన్యాన్ని బీదదేశాలకు, అవి భరించగల ధరకు ఇవ్వవలె. జొన్నపాతర వేసుకొని, చెడ్డకాలంలో త్రవ్వుకొని తిన్న మన పూర్వులకు ఇందులో అర్థం కానిది ఏమీ లేదు. భారతదేశం తరఫున ఆ సభకు వెళ్లినవారు నిడుబ్రోలు వాస్తవ్యులు, రైతుల పక్షాన ఆజన్మాంతం పోరాడిన ఆచార్య రంగాగారు.

సూత్రప్రాయంగా సభ ఆమోదించినది. సూత్రప్రాయంగా ఆమోదించినదానికి ఏమి గతి పట్టునో కమిటీలలో కూర్చున్నవారికి తెలియును. వాషింగ్టనులో నెలలతరబడి సన్నాహసంఘం కూర్చున్నది. అమెరికా తన ధాన్యంపై అధికారాన్ని ఒక అంతర్జాతీయ మండలికి అప్పగించనన్నది. ధాన్యం కొని తినే బ్రిటను, ధర పెరుగునేమోనని భయపడినది. 1947లో ఆ ప్రణాళిక పోయి, దాని స్థానంలో చర్చించి సలహాచెప్పే ఒక కౌన్సిలు వచ్చినది. బాయ్డ్ ఆర్ 1948లో పదవి వదలినాడు. మరుసటి సంవత్సరం ఆయనకు నోబెల్ శాంతి బహుమానం వచ్చినది. బహుమానమిచ్చిన లోకమే ఆయన గాదెను కట్టనివ్వలేదు!

ఆయన పథకంలో లోపాలు లేకపోలేదు. అంత ధాన్యం కొనడానికి డబ్బెవరిది, హద్దు ధర నిర్ణయించేదెవరు అన్నవి చిన్న ప్రశ్నలు కావు. కాని పథకాన్ని పడగొట్టినవి ఈ ప్రశ్నలు కావని నా అభిప్రాయం. ధాన్యం చేతిలో ఉన్నవానికి అది కేవలం ధాన్యం కాదు, పలుకుబడి. అమెరికా మిగులు గోధుమ 1954 తరువాత పి.ఎల్. 480 అనే చట్టం క్రింద మన రేవులకు వచ్చినది. మన రేషను దుకాణాలలో ఆ పేరు ఇంటింటికీ తెలిసి ఉండేది. 1965, 66 సంవత్సరాల అనావృష్టిలో ఆ ఓడలను నెలనెలకూ లెక్కపెట్టి విడుదలచేసి, మన ప్రభుత్వపు విధానాలతో ముడిపెట్టినారు. గాదె లోకానిదై ఉంటే తాళంచెవి ఒక్కరి చేతిలో ఉండేది కాదు.

1956లో ఆహార వ్యవసాయ సంస్థకు అధిపతిగా వచ్చిన బినయ్ రంజన్ సేన్‌గారు బెంగాలు కరవునాడు అక్కడ సహాయ కమిషనరుగా పనిచేసినవారు. ఆ పీఠమెక్కిన మొదటి ఆసియావాసి. ప్రభుత్వాలు వినకపోతే ప్రజలకే చెప్పవలెనని 1960 జూలై 1వ తేదీన ఆకలి నుండి విముక్తి ఉద్యమం ప్రారంభించినారు. 1963లో అనేక దేశాలతో పాటు మనదేశం కూడ ఆ ఉద్యమం పేర తపాలాబిళ్ల వెలువరించినది. ఆయన హయాంలోనే, 1961లో, ప్రపంచ ఆహార కార్యక్రమానికి అంకురార్పణ జరిగినది. అది పూర్తిగా నిలదొక్కుకోకముందే 1962లో ఇరాను భూకంపబాధితులకు ధాన్యం పంపినది; 2020లో నోబెల్ శాంతి బహుమానం పొందినది. గొప్ప సేవ, సందేహం లేదు. అయితే అది దాతలు ఇచ్చినదానిని పంచే చేయి. దాత ఈ ఏడు చేయి ముడిస్తే, పంచేవాడు వచ్చే ఏడు రేషను తగ్గిస్తాడు.

1972లో సోవియట్ దేశంలో పంట పోయినది. ఆ సంగతి బయటకు పొక్కకముందే అది అమెరికాలో గోధుమను భారీగా కొనివేసినది. రెండేళ్లలోపుగా ధర రమారమి మూడింతలైనది. లూబిన్ భయపడినది సరిగా ఇదే. 1974 నవంబరులో రోములో ప్రపంచ ఆహార సదస్సు జరిగినది. దాని ఫలితంగా పంటలను కనిపెట్టి ముందుగా హెచ్చరించే ఏర్పాటు వచ్చినది, 1977లో వ్యవసాయాభివృద్ధి నిధి వచ్చినది. ధాన్యపు నిలవలపై మాత్రం జెనీవాలో సంవత్సరాలు బేరమాడి, 1979 ఫిబ్రవరిలో చేతులెత్తివేసినారు.

లోకం కట్టుకోలేని గాదెను మనదేశం తన ఇంట్లో కట్టుకొన్నది. 1965లో పుట్టిన భారత ఆహార సంస్థ కనీసధరకు కొనడం, నిలవచేయడం, చౌకధరకు ఇవ్వడం చేస్తున్నది. ఇవి బాయ్డ్ ఆర్ చెప్పిన పనులే. కాని ఇంటి గాదెకు ఇంటి తలుపే ఉంటుంది. 2007, 2008 సంవత్సరాలలో ధరలు మండినప్పుడు మనదేశం సాధారణ బియ్యం ఎగుమతి నిషేధించినది, వియత్నాం కూడ పట్టు బిగించినది. కొద్ది నెలల్లో ప్రపంచ బజారులో బియ్యం ధర రమారమి మూడు రెట్లైనది. కాకినాడ రేవులో ఓడ నిలిస్తే పశ్చిమ ఆఫ్రికాలో కుండ నిలుస్తుందన్న మాట మనకు వినసొంపుగా ఉండదు. 2023లో మళ్లీ అట్లే నిషేధించినాము, మరుసటి ఏట సడలించినాము. మన పేదవానికి అన్నం ముందు అన్న వాదంలో బలం ఉన్నది. 1947లో వాషింగ్టనులో వినిపించినదీ ఇటువంటి వాదమే.

2011 జూన్ మాసంలో రోములోని ఆహార వ్యవసాయ సంస్థ సభ, పశువులను వేల సంవత్సరాలుగా మట్టుబెట్టిన రిండర్‌పెస్ట్ వ్యాధి భూమిపై లేకుండ పోయినదని ప్రకటించినది. టీకా మందును, దానిని వాడే తెలివిని రాజ్యాలు పంచుకోగలిగినవి. ఆ సంవత్సరమే ఇరవై పెద్ద రాజ్యాల కూటమి, ఆహారధరల గండానికి మందుగా ఒక కొత్త ఏర్పాటు చేసినది. గోధుమ, మొక్కజొన్న, బియ్యం, సోయాచిక్కుడు, ఈ నాలుగింటి పంటలు, నిలవలు, ధరల లెక్కలు ఒకచోట చేర్చి అందరికీ ప్రకటించడం దాని పని. కచేరీ రోములోనే, ఆహార వ్యవసాయ సంస్థ భవనంలో. డేవిడ్ లూబిన్ పేర వెలసిన గ్రంథాలయం కూడ అక్కడనే ఉన్నది.